మంచినీటి బ్రయోజోవాలు: నదిలో దొరికిన ప్రాణికి పెట్టిన పేరు నిలిచేదెలా?

గోదావరి డెల్టా కాలువల్లో నెలల తరబడి నానిన వెదురు గడను గానీ, రేవు మెట్లలో ఎప్పుడూ నీళ్ల కిందే ఉండే రాతిని గానీ తిప్పి అడుగు వైపు చూస్తే, గోధుమ రంగు సన్నని గొట్టాలు కొమ్మలు కొమ్మలుగా చీలుతూ అతుక్కుని కనిపించవచ్చు. చూసినవారు సాధారణంగా దాన్ని పాకుడనుకుని గోకి పారేస్తారు. ఆ ముక్కను అదే నీళ్లతో నింపిన గాజు పాత్రలో వేసి, కాసేపు కదపకుండా ఉంచి, పది రెట్లు పెద్దది చేసి చూపే భూతద్దంతో పరిశీలిస్తే, గొట్టాల కొనల నుంచి పారదర్శకమైన టెంటకిళ్ల (మేత పట్టే సన్నని చేతుల వంటి భాగాల) గుత్తులు ఒక్కొక్కటిగా బయటికి విచ్చుకుంటాయి. గుర్రపు నాడా ఆకారంలో వరుసదీరిన ఆ టెంటకిళ్ల మీది శైలికలు అనే సూక్ష్మ రోమాలు నీటిని లోపలికి తోస్తూ, అందులోని సూక్ష్మ శైవలాలను, బ్యాక్టీరియాను నోటికి చేరుస్తాయి. పాత్రకు ఏ చిన్న అదురు తగిలినా గుత్తులన్నీ ఒక్క క్షణంలో ముడుచుకుపోతాయి. ఇది ఒకే పూర్వజీవి నుంచి మొగ్గలు తొడుగుతూ పెరిగిన జంతువుల కాలనీ. ఈ జంతు వర్గం పేరు బ్రయోజోవా. కాలనీలోని ఒక్కొక్క జీవిని జూయిడ్ అని, టెంటకిళ్ల గుత్తిని లోఫోఫోర్ అని అంటారు.

ఈ వర్గంలో నేడు బతికి ఉన్న జాతులు దాదాపు ఆరు వేలు. అత్యధికం సముద్రాల్లోనే ఉంటాయి. 2008లో లక్సెంబర్గ్‌కు చెందిన మస్సార్, గైమర్ ప్రపంచమంతటి సమాచారాన్ని కూర్చినప్పుడు మంచినీటి జాతులు 88గా తేలాయి. వాటిలో 69 మంచినీటికే పరిమితమైన ఫైలాక్టోలీమేటా తరగతివి. మిగిలిన 19 సముద్రజాతులే ఎక్కువగా ఉన్న జిమ్నోలీమేటా తరగతివి. ఆ తర్వాత మరికొన్ని కొత్త జాతులు చేరాయి. వందకు అటూ ఇటూగా ఉన్న జాతులను వేరుచేయడం ఏమంత కష్టమని అనిపించడం సహజం. అయితే ఉష్ణమండల నదుల్లో ఈ జంతువుల పేర్లతో ఉన్న జాబితాల్లో గణనీయమైన భాగాన్ని ఈనాడు ఎవరూ తిరిగి పరీక్షించి చూడలేరు. పేరు రాశారు గానీ, ఆ పేరు దేన్ని చూసి పెట్టారో తెలిపే ఆధారాన్ని దాచలేదు.

చిక్కంతా ప్లూమటెల్లా అనే ప్రజాతితో మొదలవుతుంది. మన నదుల్లో, చెరువుల్లో కొమ్మలుగా పాకే కాలనీల్లో ఎక్కువ భాగం దీనివే. కాలనీ రూపం జాతిని బట్టి కొంత, పరిస్థితులను బట్టి ఎంతో మారుతుంది. ఒకే జాతి ప్రవాహం ఉన్నచోట రాతికి పూర్తిగా అంటుకుని పల్చగా పాకవచ్చు. నిలకడ నీళ్లలో, మేత పుష్కలంగా ఉన్నచోట గొట్టాలు ఒకదానికొకటి ఒరుసుకుంటూ నిటారుగా లేచి మందపాటి గుబురుగా పెరగవచ్చు. గొట్టం పైపొర ముదిరితే, బురద పేరుకుంటే ముదురు గోధుమ రంగులో ఉంటుంది. లేత భాగం అదే కాలనీలో గాజులా కనిపిస్తుంది. కాలనీ ఆకారాన్ని, రంగును నమ్మి పేరు పెట్టిన రోజుల్లో ఒకే జాతికి నాలుగైదు పేర్లు పడ్డాయి, నాలుగైదు జాతులు ఒకే పేరు కింద కలిసిపోయాయి. 1758లో లిన్నేయస్ నామకరణం చేసిన రెపెన్స్ అనే జాతి పేరు ఇందుకు పెద్ద ఉదాహరణ. ప్రపంచంలో ఏ మూల పాకే కాలనీ కనిపించినా ప్లూమటెల్లా రెపెన్స్ అని రాసేయడం చాలాకాలం అలవాటుగా సాగింది. ఉష్ణమండలం నుంచి వచ్చిన అలాంటి పాత నమోదును, నమూనా చేతికందితే తప్ప, నేను నమ్మదగినదిగా పరిగణించను.

భారతదేశంలో ఈ అధ్యయనం మొదటి నుంచీ గోదావరి నీళ్లతో ముడిపడి ఉండటం తెలుగు పాఠకులకు ఆసక్తి కలిగించే విషయం. బొంబాయిలో సైనిక వైద్యుడిగా పనిచేసిన హెన్రీ జాన్ కార్టర్ 1858లో హిస్లోపియా లాకుస్ట్రిస్ అనే జాతిని వర్ణించాడు. ఆ నమూనాలు నాగపూర్‌వి. దక్కన్ శిలల్లోని శిలాజాలను అధ్యయనం చేసిన క్రైస్తవ మిషనరీ స్టీఫెన్ హిస్లాప్ పేరే ఆ ప్రజాతికి పెట్టారు. నాగపూర్ నీళ్లు నాగ్ నది గుండా కన్హాన్‌లోకి, అక్కణ్నుంచి వైన్‌గంగలోకి, ప్రాణహితగా మారి కాళేశ్వరం దగ్గర గోదావరిలోకి చేరతాయి. అంటే ఒక ప్రజాతికి మొదటి ఆధారమైన నమూనా మన నదీ పరీవాహక ప్రాంతానిదే. తర్వాత కార్టర్ పేరు మీదనే మరో జాతికి నామకరణం జరిగింది. ఇప్పుడు దాన్ని లోఫోపోడెల్లా కార్టరీ అంటున్నాం, అది బొంబాయి నీళ్లది. ఆ తరువాత నెల్సన్ అన్నాండేల్ కలకత్తాలోని ఇండియన్ మ్యూజియం నుంచి ఈ జీవులను క్రమబద్ధంగా సేకరించి, 1911లో మంచినీటి స్పంజికలు, హైడ్రాయిడ్లు, బ్రయోజోవాల మీద సంపుటి వెలువరించాడు. 1916లో ఏర్పడిన జూలాజికల్ సర్వే ఆఫ్ ఇండియాకు తొలి సంచాలకుడు ఆయనే. ఏ జీవి ఏ ఆకు మీద, ఏ గవ్వ మీద, ఏ నెలలో దొరికిందో ఆయన ఓపికగా రాశాడు. కలకత్తా చెరువుల్లో ఈ జీవులు చలికాలంలో బాగా పెరిగి, ఎండలు ముదిరేసరికి క్షీణిస్తాయన్న పరిశీలన ఈనాటికీ క్షేత్రంలో పనికివస్తుంది. అయితే ఆయన వాడిన పేర్లలో కొన్ని ఇప్పుడు చెల్లవు. ఆయన ప్లూమటెల్లాలో ఉంచిన పంక్టాటా అనే జాతి నేడు హయలినెల్లా ప్రజాతిలో ఉంది. బర్మా నుంచి 1908లో ఆయన వర్ణించిన పెక్టినటెల్లా బర్మానికా, జపాన్‌లో ఓకా 1891లోనే వర్ణించిన జాతితో ఒకటేనని తేలి, అసాజిరెల్లా జెలాటినోసా అయింది. ఇలా సరిదిద్దడం సాధ్యమైంది ఆయన వర్ణనలు, నమూనాలు మిగిలి ఉండబట్టే.

ఇక అసలు ఆధారం దగ్గరికి వద్దాం. ఫైలాక్టోలీమేటా జీవులు ప్రతికూల కాలాన్ని దాటడానికి స్టాటోబ్లాస్ట్ అనే విశ్రాంతి మొగ్గలను తయారు చేసుకుంటాయి. జూయిడ్ లోపల, జీర్ణాశయం కొసను దేహకుడ్యంతో కలిపే సన్నని తంతువు మీద ఇవి వరుసగా పెరుగుతాయి. ఒక్కొక్కటీ అంచులు కలిపి బోర్లించిన రెండు మూకుళ్ల మాదిరిగా రెండు గట్టి కవచాల మధ్య జీవకణాల ముద్ద. కవచం కైటిన్‌తో చేసింది కాబట్టి కాలనీ చచ్చి కుళ్లిపోయినా ఇది మిగులుతుంది. ఎండినా చాలావరకు ప్రాణం పోదు. నీళ్లు, అనువైన వేడి దొరికితే కవచాలు విడిపోయి కొత్త జూయిడ్ బయటికి వస్తుంది. ప్లూమటెల్లాలో ఇవి ప్రధానంగా రెండు రకాలు. చుట్టూ గాలి నిండిన గదుల పట్టీ ఉండి నీటి మీద తేలేవి ఫ్లోటోబ్లాస్టులు. తేలే పట్టీ లేకుండా, కాలనీ ఉన్నచోటే రాతికో కర్రకో జిగురుతో అంటుకుపోయేవి సెస్సోబ్లాస్టులు. ఫ్రెడెరిసెల్లా ప్రజాతిలో తేలనివి, చిక్కుడు గింజ ఆకారంలో ఉండేవి మాత్రమే ఉంటాయి. వాటిని పిప్టోబ్లాస్టులు అంటారు. లోఫోపోడెల్లా, అసాజిరెల్లా వంటి జిగురు కాలనీల మొగ్గలకు అంచున కొక్కేలు ఉంటాయి, అవి స్పైనోబ్లాస్టులు. ప్లూమటెల్లా కాస్మియానాలో మామూలు ఫ్లోటోబ్లాస్టులతో పాటు, కవచం పల్చగా ఉండి విశ్రాంతి లేకుండా వెంటనే మొలకెత్తే లెప్టోబ్లాస్టులు కూడా ఉంటాయి. కాబట్టి చేతిలో ఉన్న మొగ్గ ఏ రకానిదో తెలిస్తే ప్రజాతి వరకు దారి చాలావరకు తెరుచుకుంటుంది.

జాతి తేల్చాలంటే ఇంకా దగ్గరగా చూడాలి. సాధారణ ఫ్లోటోబ్లాస్టు పొడవు పావు మిల్లీమీటరు నుంచి అర మిల్లీమీటరు వరకు ఉంటుంది. దాన్ని స్లైడు మీద వెల్లకిలా, బోర్లా, పక్కవాటుగా మూడు విధాలా పెట్టి చూడాలి. గాలిగదుల పట్టీకి మధ్యలో ఖాళీగా మిగిలే కిటికీ లాంటి భాగం రెండు వైపులా ఒకే పరిమాణంలో ఉందా, ఒకవైపు చిన్నదిగా ఉందా అనేది ముఖ్యం. ప్లూమటెల్లా ఎమార్జినాటాలో ఒక వైపు పట్టీ లోపలికి బాగా చొచ్చుకువచ్చి కిటికీ చిన్నదవుతుంది. రెండో వైపు అది పెద్దదిగానే ఉంటుంది. పక్కనుంచి చూస్తే ఒక కవచం ఎక్కువ ఉబ్బుగా, రెండోది కొంత చదునుగా కనిపిస్తుంది. ఇరవై మొగ్గలనైనా కొలిచి పొడవు, వెడల్పు, లోపలి గుళిక కొలతలు, కిటికీ కొలతలు రాసుకుంటేనే ఒక కాలనీలోని సహజమైన తేడాలు ఎంతవరకో తెలుస్తుంది. ఒక్క మొగ్గ కొలతతో జాతిని నిర్ణయించడం పొరపాటు. పొటాషియం హైడ్రాక్సైడ్ ద్రావణంలో మెల్లగా వేడి చేస్తే కవచాలు విడివడతాయి; అప్పుడు స్కానింగ్ ఎలక్ట్రాన్ మైక్రోస్కోపు కింద ఉపరితలం మీది బుడిపెలు, వల లాంటి గీతలు, వాటి మధ్య ఖాళీలు కనిపిస్తాయి. ఈ పరికరం వాడుకలోకి వచ్చాక బయటికి ఒకేలా ఉన్న కాలనీలు వేర్వేరు జాతులని తేలింది. ఉత్తర అమెరికాలో టిమొతీ వుడ్ 1988లో ప్లూమటెల్లా రెటిక్యులాటాను ఎమార్జినాటా లాంటి వాటి నుంచి వేరు చేసింది ఇటువంటి లక్షణాలతోనే. సెస్సోబ్లాస్టు కవచం మీది అలంకరణ చాలా సందర్భాల్లో ఫ్లోటోబ్లాస్టు కంటే స్పష్టంగా మాట్లాడుతుంది. సేకరించేవారు ఎక్కువగా వదిలేసేదీ దాన్నే: కాలనీని గోకి తీసినప్పుడు అది రాతికే అంటుకుని మిగిలిపోతుంది. అందుకే చిన్న రాయి అయితే రాయితో సహా, కర్ర అయితే బెరడు చెక్కతో సహా తీసుకోవాలి.

ఈ రెండు రకాల మొగ్గల మధ్య తేడాకు నదిలో మరో అర్థం కూడా ఉంది. అది గుర్తించకపోతే సరిగ్గా పేరు పెట్టినా నమోదు తప్పవుతుంది. చెరువులో దొరికిన ఫ్లోటోబ్లాస్టు బహుశా ఆ చెరువుదే. గోదావరిలో నీటిలో తేలే సూక్ష్మజీవులను పట్టే ప్లాంక్టన్ వలకు చిక్కిన ఫ్లోటోబ్లాస్టు ఎక్కడిదో చెప్పలేం. వరద రోజుల్లో ఎగువ చెరువుల కలుజులు పొర్లి, వాగుల గుండా వచ్చిన మొగ్గలు వందల కిలోమీటర్లు కొట్టుకురాగలవు. నీటి పక్షుల జీర్ణనాళం గుండా వెళ్లినా కొన్ని మొగ్గలు బతికే ఉంటాయని ప్రయోగాల్లో తేలింది. అందువల్ల ఒడ్డున నురుగుతో పేరుకున్న చెత్తలో మొగ్గ దొరికితే, ఆ పరీవాహక ప్రాంతంలో ఎక్కడో ఆ జాతి ఉందని అనవచ్చు. ఆ రేవులో ఆ జాతి బతుకుతోందని అనకూడదు. రాతికి అంటిన సెస్సోబ్లాస్టు గానీ, బతికున్న కాలనీ గానీ దొరికితే మాత్రమే ఆ చోటును ఆవాసంగా రాయాలి. ప్రచురితమైన జాబితాల్లో ఈ రెండింటినీ విడదీయకుండా ఒకే గడిలో రాయడం వల్ల జాతి విస్తరణ పటాలే మసకబారుతున్నాయి. తేలుతూ దొరికిన మొగ్గ, ఎండిన మొగ్గ, మట్టిపొరలోని పాత మొగ్గ, బతికున్న కాలనీ అని నాలుగు వేర్వేరు మాటల్లో రాసేందుకు నమోదు పత్రంలో చోటు ఉండాలి.

స్టాటోబ్లాస్టులే లేని జీవులు ఇంకో సమస్య. నాగపూర్ నుంచి మొదట తెలిసిన హిస్లోపియా జిమ్నోలీమేటా తరగతిది. దానికి ఈ మొగ్గలు ఉండవు. లోఫోఫోర్ వలయాకారంలో ఉంటుంది. జూయిడ్లు చదునుగా, పారదర్శకంగా ఉండి నత్త గవ్వల మీద, నీటి మొక్కల ఆకుల మీద పలుచని పొరలా పరుచుకుంటాయి. చాలాసార్లు తడి మెరుపు తప్ప ఏమీ కనిపించదు. దీన్ని గుర్తించాలంటే జూయిడ్ పై ద్వారం ఆకారం, దాని మూలల్లో ముళ్లు ఉన్నాయా, టెంటకిళ్లు ఎన్ని, ఆహారనాళంలో మర వంటి కండర సంచి ఎలా ఉంది అన్నవి చూడాలి. ఇవన్నీ బతికుండగానే స్పష్టంగా తెలుస్తాయి. ఆల్కహాల్లో ముడుచుకుపోయిన హిస్లోపియా దాదాపు ఏమీ చెప్పదు. థాయిలాండ్ నీళ్లలో వుడ్, ఆయన థాయ్ సహచరులు 2006లో హిస్లోపియా నటాన్స్ అనే జాతిని వర్ణించగలిగారు. అందులో జూయిడ్లు ఈదుతూ వ్యాపించడమనే అసాధారణ లక్షణం వెలుగులోకి వచ్చింది. బతికున్న జీవిని ఓపికగా చూడకపోతే అది ఎన్నటికీ తెలిసేది కాదు. మన నదులకు వాతావరణం, కాలచక్రం రీత్యా దగ్గరైన మాదిరి ఆ థాయ్ అధ్యయనమే తప్ప, ఐరోపా గుర్తింపు పట్టికలు కావు. ఐరోపా పట్టికతో గోదావరి కాలనీని గుర్తించబోతే, పట్టికలో లేని జాతిని ఉన్న పేరులోకి బలవంతంగా ఇరికించడమే జరుగుతుంది.

డెల్టా చివర, ఆటుపోట్ల ఉప్పునీరు ఎక్కివచ్చే మురుగు కాలువల్లో జాగ్రత్త మరింత అవసరం. అక్కడ విక్టొరెల్లా వంటి ఉప్పు కలిసిన నీటి జీవులు కనిపించే అవకాశం ఉంది. బెంగాల్‌లోని పోర్ట్ కానింగ్ ఉప్పు కుంటల నుంచి అన్నాండేల్ దీని ఒక జాతిని వర్ణించాడు. పొరబడే అవకాశమున్న మరో జీవి ఉర్నటెల్లా. అది అసలు బ్రయోజోవానే కాదు, ఎంటోప్రాక్టా అనే మరో వర్గానిది. పైకి చూస్తే పోలిక ఉంటుంది. దాని టెంటకిళ్లు లోపలికి పూర్తిగా దూరిపోకుండా ముడుచుకుంటాయి, కాడ పూసల దండలా కణుపులుగా ఉంటుంది. దక్షిణ భారతం నుంచి 1947లో శేషయ్య దీని ఒక జాతిని వర్ణించారు. ఉప్పునీటి జీవులు కూడా కలిసే చోటు కాబట్టి, లవణీయత కొలత లేని డెల్టా నమోదు సగం నమోదే.

సేకరణకు కాలం కూడా ముఖ్యం. జులై నుంచి సెప్టెంబరు వరకు ఒండ్రుతో నిండిన వరద నీరు కాలనీలను రాళ్ల నుంచి కోసేస్తుంది, మిగిలిన వాటిని బురద కప్పేస్తుంది. నీరు తేటపడిన తర్వాత, కార్తీకం నుంచి మాఘం వరకు వెతకడం ఫలిస్తుంది. ఎండ తగలని వైపు, ప్రవాహం మెల్లగా ఉన్న చోటు, ఒండ్రు పేరుకోని నిలువు ఉపరితలం చూడాలి: తామర ఆకుల అడుగు, గుర్రపుడెక్క వేళ్లు, పడవ అడుగు భాగం, చేపల పంజరాల వలలు, నీటమునిగిన ప్లాస్టిక్ సీసాలు. దొరికిన కాలనీలో ముదిరిన మొగ్గలు లేకపోతే జాతి పేరు రాయడానికి తొందరపడకూడదు. కాలనీ ముక్కను పెట్రీ పాత్రకు అంటించి, చేపల తొట్టి నీళ్లలో తలకిందులుగా వేలాడదీస్తే, మలినాలు కిందికి జారిపోయి కాలనీ పెరుగుతుంది, కొద్ది వారాల్లో మొగ్గలు తొడగవచ్చు. నిల్వ చేయాలంటే ముందు మెంథాల్ స్ఫటికాలు నీళ్ల మీద చల్లి, టెంటకిళ్లు విచ్చుకుని ఉండగానే మత్తు ఎక్కించాలి; ఆ తర్వాత ఒక భాగం 70 శాతం ఆల్కహాల్లో రూప పరిశీలనకు, మరో భాగం 95 శాతానికి పైగా ఉన్న ఆల్కహాల్లో డీఎన్‌ఏకు పెట్టాలి. ఫార్మలిన్‌లో వేసిన నమూనా డీఎన్‌ఏకు దాదాపు పనికిరాదు. కొన్ని మొగ్గలను విడిగా పొడిగా ఆరబెట్టి చిన్న సీసాలో ఉంచడం వల్ల ఖర్చేమీ లేదు; పాతికేళ్ల తర్వాత వచ్చే పరిశోధకుడికి అదే ప్రాణాధారం.

డీఎన్‌ఏ వచ్చాక ఈ శ్రమ అక్కర్లేదని అనేవారున్నారు, నేను ఒప్పుకోను. హిరోసే బృందం 2008లో మైటోకాండ్రియా జన్యువుల ఆధారంగా ఫైలాక్టోలీమేటా వంశవృక్షాన్ని గీసింది, ప్రజాతుల మధ్య సంబంధాలు ఎంతో స్పష్టమయ్యాయి. అయితే జన్యు వరుస తనంతట తాను పేరు చెప్పదు; పేరు తెలిసిన మరో వరుసతో పోల్చినప్పుడే చెబుతుంది. ఆ మరో వరుస ఇచ్చిన కాలనీకి మొగ్గలు చూడకుండా రెపెన్స్ అని పేరు పెట్టి ఉంటే, తప్పు ఒకచోటి నుంచి ప్రపంచమంతా పాకుతుంది. పైగా కాలనీ గొట్టాల మధ్య పురుగులు, డయాటమ్‌లు, స్పంజిక ముక్కలు ఉంటాయి. శుభ్రం చేయకపోతే వాటి డీఎన్‌ఏ కూడా వస్తుంది. వరుస, మొగ్గల ఛాయాచిత్రం, భద్రపరచిన నమూనా మూడూ ఒకే కాలనీవై, ఒకే సంఖ్యతో ముడిపడి ఉంటే అప్పుడు డీఎన్‌ఏ బలమైన సాక్ష్యమవుతుంది.

ఇంత సూక్ష్మంగా పేరు తేల్చడం ఎందుకు అన్న ప్రశ్నకు జవాబు నీటి నిర్వహణలోనే ఉంది. ఈ జీవులు నీటి పైపుల్లో, వడపోత జల్లెళ్లలో, బిందుసేద్యం నాజిళ్లలో పెరిగి వాటిని పూడ్చేస్తాయి. మొదట తాహితి నుంచి తెలిసిన ప్లూమటెల్లా వైహిరియే అమెరికాలో మురుగునీటి శుద్ధి కేంద్రాలకు తలనొప్పి తెచ్చింది. లోఫోపోడెల్లా కార్టరీ కాలనీలు నలిగినప్పుడు వెలువడే ద్రవం చేపలకు విషమని ప్రయోగాలు చూపాయి. తొట్టిలో, పంజరంలో దాన్ని చేత్తో నలిపి శుభ్రం చేయడం ఈ వర్గపు మరో జీవిని నలపడం లాంటిది కాదు. మొగ్గలు ఎండను తట్టుకుంటాయి కాబట్టి పైపును ఎండగట్టడంతో సమస్య పోతుందా లేదా అన్నదీ అక్కడున్నది మొగ్గలు తొడిగే ప్లూమటెల్లానా, తొడగని హిస్లోపియానా అన్నదాని మీద ఆధారపడి ఉంటుంది.

ఫోన్‌తో తీసిన చిత్రాలను పౌర విజ్ఞాన వేదికల్లో పెట్టేవారు పెరుగుతున్నారు. ఇది మంచిదే, ఎందుకంటే ఈ జీవులు ఎక్కడున్నాయన్నదే చాలా నదుల విషయంలో నమోదు కాలేదు. కానీ కాలనీ చిత్రం ఒక్కటే ఉన్నప్పుడు ప్లూమటెల్లిడే కుటుంబం అని ఆగిపోవడం సరైన గుర్తింపు; జాతి పేరు వేసి ముందుకెళ్లడం కాదు. చిత్రంతో పాటు అక్షాంశ రేఖాంశాలు, తేదీ, నీటి ఉష్ణోగ్రత, అంటుకున్న వస్తువు, లోతు, నీడ ఉందా ఎండనా, వెతికినా దొరకని చోట్లు కూడా రాస్తే ఆ నమోదు విలువ ఎన్నో రెట్లు పెరుగుతుంది. జాతి కొత్తదని తేలినప్పుడు జీవవైవిధ్య చట్టం, 2002లోని 39వ సెక్షన్ ప్రకారం దాని నమూనాను నిర్దేశిత భాండాగారంలో అప్పగించాలి. జంతువులకు సంబంధించి కలకత్తాలోని జూలాజికల్ సర్వే ఆఫ్ ఇండియా అలాంటి భాండాగారం. కొత్త జాతి కానప్పుడు చట్టం అడగదు. అయినా ప్రతి జిల్లా నుంచి కనీసం ఒక ప్లూమటెల్లా కాలనీ, దాని రెండు రకాల మొగ్గలు, అది అంటుకున్న రాయి లేదా చెక్క ముక్కతో సహా విశ్వవిద్యాలయ మ్యూజియంలోనైనా అంకె వేసి ఉంచితే, భద్రాచలం దగ్గర దొరికిన ఎమార్జినాటా, ధవళేశ్వరం దగ్గర దొరికిన ఎమార్జినాటా నిజంగా ఒకే జాతా అన్న ప్రశ్నను బల్ల మీద పక్కపక్కన పెట్టి తేల్చడం వీలవుతుంది.